పాలు విడిచిన బిడ్డ

పఠింపవలసిన భాగములు: కీర్తన 131, ఆదికాండము 21:8, 1 సమూయేలు 1:21–28

రాత్రి తొమ్మిది గంటలైనది. ఏడాదిన్నర ప్రాయముగల బిడ్డ మంచముమీద కూర్చుండి పాలసీసా కొరకు చేతులు చాచి యేడ్చుచున్నాడు. ఈ రాత్రి సీసా ఇయ్యకూడదని తల్లి పగలే నిశ్చయించుకొన్నది. "ఒక్క సీసాయే కదమ్మా, ఇచ్చెయ్యి. పిల్లవాడు ఆకలితో పడుకుంటాడు" అని అత్తగారు అనుచున్నారు. తెల్లవారగానే పనికి పోవలసిన తండ్రి నిద్రపట్టక నిట్టూర్చుచున్నాడు. చివరకు సీసా వచ్చును, ఏడుపు ఆగును, ఇల్లు నిద్రించును. ఇట్టి రాత్రి అనేక గృహములకు తెలిసినదే.

ఇది చిన్న సంగతిగా కనబడును. అయితే పరిశుద్ధ గ్రంథము బిడ్డ పాలు మానుటను చిన్న సంగతిగా ఎంచలేదు. ఇస్సాకు పాలు విడిచిన దినమున అబ్రాహాము గొప్ప విందు చేసెను. హన్నా తన కుమారుడు పాలు విడుచువరకు షిలోహునకు పోక ఇంటనే నిలిచెను. కీర్తనకారుడు తన ఆత్మ నెమ్మదిని వర్ణింపగోరినప్పుడు పాలు విడిచిన బిడ్డనే తలంచెను. తల్లిదండ్రులు యుద్ధమని భయపడుదానిని లేఖనము పండుగయనియు, నెమ్మదియనియు ఎట్లు చూడగలిగెను? ఇదియే ఈ పాఠములోని ప్రశ్న.

1. మాటయొక్క అర్థము

పాలు మాన్పించుటకు హెబ్రీ భాషలో వాడబడిన క్రియ "గామల్". ఈ క్రియయే సంఖ్యాకాండము 17వ అధ్యాయములో అహరోను కఱ్ఱ బాదము పండ్లు కాచిన సందర్భమునను, యెషయా 18వ అధ్యాయములో ద్రాక్షకాయ పక్వమగు సందర్భమునను కనబడుచున్నది. ఒకనికి మేలు చేయుట అను అర్థమును దీనికి కలదు. కావున హెబ్రీయుల చెవికి పాలు మాన్పించుట అనగా లాగివేయుట మాత్రమే కాదు, పక్వమునకు తెచ్చుట. పండిన కాయ కొమ్మను సులభముగా విడుచును. పచ్చికాయను త్రెంపినచో కొమ్మకును గాయమగును, కాయకును రుచి యుండదు.

అబ్రాహాము విందు చేసినది దీనికొరకే. అతడు కుమారుడు పోగొట్టుకొనిన దానిని చూచి దుఃఖింపలేదు. కుమారుడు ఎదిగిన యెదుగుదలను చూచి సంతోషించెను.

2. సీసా వలన కలుగు కీడు

ఇచ్చట ఒక భేదము గమనింపవలెను. పూర్వకాలపు యూదుల గృహములలో తల్లులు దాదాపు మూడేండ్లవరకు పాలిచ్చుట కలదని రెండవ మక్కబీయుల గ్రంథమువలన తెలియుచున్నది. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థయు మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెననియు, తరువాత ఇతర ఆహారముతోకూడ రెండేండ్లవరకును, ఆపైనను తల్లిపాలు కొనసాగింపవచ్చుననియు చెప్పుచున్నది. కాబట్టి ఈ పాఠము తల్లిపాలను త్వరపడి మాన్పించుటకు కాదు. పడకలోని పాలసీసాను గూర్చినది. అమెరికా దేశపు బాలవైద్యుల సంఘము సీసాను 12 మొదలుకొని 18 నెలలలోపుగా పూర్తిగా మాన్పింపవలెనని సలహా ఇచ్చుచున్నది. మన దేశములో 1992లో చేయబడి 2003లో సవరింపబడిన చట్టము పాలసీసాల ప్రకటనలనే నిషేధించుచున్నది.

దీనికి కారణములు కలవు. నిద్రలో నోటియందు లాలాజలము తగ్గును. సీసా నోట ఉంచుకొని నిదురించు బిడ్డ పళ్లచుట్టు పాలు నిలిచిపోవును. అందలి చక్కెరను సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చగా, ఆ ఆమ్లము పంటిని తినివేయును. క్రింది ముందు పళ్లను నాలుక కొంత కాపాడును గనుక సాధారణముగా పై ముందు పళ్లే మొదట చెడును. చిగురు ప్రక్క తెల్లని గీతవలె ప్రారంభమై, తరువాత గోధుమరంగు మచ్చయై, చివరకు పుచ్చిపోవును. పాలలో పంచదార కలిపినచో కీడు అధికమగును. వెల్లకిల పరుండి త్రాగుటవలన చెవిపోటు కలుగుటకును అవకాశమున్నది. మరియు ఆవుపాలలో ఇనుము బహు తక్కువ. రాత్రింబవళ్లు పాలతోనే కడుపు నింపుకొను బిడ్డ అన్నము, పప్పు, గ్రుడ్డు ముట్టక రక్తహీనతకు లోనగును.

3. బిడ్డ నిజముగా కోరునదేమి?

బిడ్డ రాత్రి పలుమార్లు కొంచెము మేల్కొని మరల నిద్రపోవుట సహజమే. అయితే సీసా చప్పరించుచు నిద్రపోవుట నేర్చిన బిడ్డ, మేల్కొనిన ప్రతిసారి దానినే వెదకును. తగినంత రాత్రి భోజనము చేసి ఆరోగ్యముగానున్న ఏడాది దాటిన బిడ్డకు ఇది ఆకలి అగుట అరుదు. ఇది ఆదరణను గూర్చిన అడుగుదల.

కీర్తన 131 ఇచ్చటనే వెలుగిచ్చుచున్నది. అందలి బిడ్డ పాలు విడిచినవాడు. అయినను తల్లిని విడిచినవాడు కాడు. అతడు ఆమెమీద ఆనుకొనియే యున్నాడు. మునుపు పాలకొరకు తల్లిని కోరినవాడు ఇప్పుడు తల్లికొరకే తల్లిని కోరుచున్నాడు. తల్లిదండ్రులు గ్రహింపవలసిన రహస్యమంతయు ఇందున్నది: సీసా తీసివేయబడవలెను గాని ఒడి తీసివేయబడకూడదు. సీసాను లాగికొని బిడ్డను చీకటిలో ఒంటరిగా విడుచుట ఆ కీర్తనలోని చిత్రము కాదు.

4. అనుసరింపదగిన క్రమము

మొదట పగటి సీసాలను మాన్పించి, గ్లాసుతో గాని గిన్నె చెంచాలతో గాని పాలిచ్చుట అలవాటు చేయవలెను. మన పెద్దల ఉగ్గుగిన్నె ఈ విధమైనదే. పడకవేళ సీసాను చివరగా మాన్పించుట మేలు.

రెండవది, పాలను నిద్రనుండి వేరుచేయవలెను. రాత్రి భోజనమైన తరువాత, పడుకొనుటకు అరగంట ముందుగా, బిడ్డ కూర్చుండి గ్లాసుతో పాలు త్రాగవలెను. పిమ్మట బియ్యపుగింజంత టూత్‌పేస్టుతో పళ్లు తోమవలెను. ఆపైన మంచినీళ్లు తప్ప మరేమియు ఇయ్యరాదు.

మూడవది, ప్రతిరాత్రి ఒకే వరుస ఉండవలెను: పాలు, పళ్లు తోముట, చిన్న ప్రార్థన, జోలపాట, దీపము తగ్గించుట. వరుస తెలిసిన బిడ్డ తరువాత ఏమి వచ్చునో ఎరిగి నెమ్మది పొందును.

ఒకేసారి మానలేని బిడ్డకు మెల్లగా తగ్గింపవచ్చును. 180 మిల్లీలీటర్లు త్రాగు బిడ్డకు రెండు రాత్రులకొకసారి 30 మిల్లీలీటర్లు తగ్గించినచో, పదకొండవ రాత్రికి సీసా అవసరము తీరిపోవును. ఆ దినములలో ఏడుపు రాకపోదు. అప్పుడు ప్రక్కన కూర్చుండి వీపు నిమిరి, అదే మాట మెల్లగా చెప్పవలెను. జ్వరము, ప్రయాణము, క్రొత్త బిడ్డ పుట్టుట వంటి సమయములలో ఈ పని ఆరంభింపరాదు. బరువు తక్కువగా ఉన్న బిడ్డ విషయములో వైద్యుని అడిగి చేయవలెను.

పాలపీకకు చేదు పూయుట, "కాకి ఎత్తుకొనిపోయింది" అనుట, బూచివాడని బెదరించుట మన యిండ్లలో కలవు. ఇవి త్వరగా ఫలించినట్లు కనబడవచ్చును. అయితే రాత్రివేళ బిడ్డకు మిగిలియున్న ఆధారము తల్లిదండ్రుల మాటయే. అబద్ధముతో సీసాను మాన్పించినవారు ఆ ఆధారమునే బలహీనపరచుదురు. "నీవు పెద్దవాడవైనావు, ఇక గ్లాసుతోనే పాలు" అను సత్యమే చాలును.

5. ఇంటివారి ఏకమనస్సు

హన్నా తాను ఇంట నిలిచెదనని చెప్పినప్పుడు ఎల్కానా ఆమె నిర్ణయమును గౌరవించెను. భర్త ఆమెకు తోడుగా నిలువగా ఆమె తన పనిని ముగించెను. తల్లి మాన్పించినదానిని నాయనమ్మ మరల ఇచ్చినచో బిడ్డ నేర్చునది ఒక్కటే: ఇంక కొంచెము గట్టిగా ఏడ్చిన దొరకును. కావున అత్తగారితో ముందుగానే వినయముగా మాటలాడి, జోలపాట పాడు భాగమును ఆమెకే అప్పగించుట మంచిది. కొన్ని రాత్రులు తండ్రియే బిడ్డను నిద్రపుచ్చవలెను. ఈ భారము తల్లి ఒక్కతెదే కాదు.

ముగింపు

హన్నాకు కుమారుని పాలు మాన్పించుట అతని విడుచుటకు తొలిమెట్టాయెను. ప్రతి తల్లియు ఆ మెట్టుమీద కొంతసేపు నిలుచును. ఆఖరి సీసాను కడిగి పైనబెట్టిన రాత్రి ఆమె కన్నులు చెమర్చినచో అది బలహీనత కాదు.

దేవుడును తన పిల్లలయొద్దనుండి కొన్ని ఆదరణలను తీసివేయును. అప్పుడు విశ్వాసి తాను విడువబడితినని యేడ్చును. కానీ చేతిలోనిది పోయినను ఒడి పోలేదని తెలిసికొనిన రాత్రి అతనికి నెమ్మది కలుగును. బిడ్డ దీనిని తల్లియొద్ద మొదట నేర్చుకొనును. అతడు పెద్దవాడైన తరువాత, పోయినదానికంటె నిలిచియున్న వానిని నమ్ముట ఆ పాఠమువలన సులభమగునేమో.

ధ్యానమునకు ప్రశ్నలు

1. బిడ్డ యేడ్చినప్పుడు సీసా ఇచ్చుట ఎవరి నెమ్మది కొరకు? బిడ్డ కొరకా, పెద్దల కొరకా?
2. మీ యింట బిడ్డలకు చెప్పబడు భయపు మాటలు ఏవి? వాటికి బదులు ఏ సత్యము చెప్పవచ్చును?
3. దేవుడు మీయొద్దనుండి తీసివేసిన ఏ ఆదరణ మిమ్మును ఆయనకు మరింత సమీపముగా తెచ్చెను?