గోడ పగులు, బొగ్గు గీత

ముసురు పట్టిందంటే మట్టిగోడల ఇంట్లో నిద్ర పట్టదు. గోడ ఎప్పుడు కూలుతుందో అని భయం. ఇది ఉత్త భయం కాదు. అయితే చాలా గోడలు కూలే ముందు గుర్తు చూపిస్తాయి. ఆ గుర్తు ఆడవాళ్ళ కంటికే ముందు కనబడుతుంది. గోడలు అలికేది వాళ్ళే కదా!

పగులు కనబడగానే పేడా మట్టీ కలిపి మెత్తేస్తారు. గోడ నున్నగా అవుతుంది. పగులు లోపల అలాగే ఉంటుంది. అందుకే వెంటనే మెత్తకూడదు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ బొగ్గుతో అడ్డగీత గీయాలి. పక్కన తేదీ రాయాలి. నేర్చుకున్న చదువు ఇలాంటి చోట పనికొస్తుంది. నెల పోయాక చూడాలి. పగులు గీత దాటిందా? అయితే గోడ కదులుతోందన్న మాట. మేస్త్రీని పిలిచి చూపించాలి.

వెంట్రుకంత సన్నని గీతలు పైపూతలో వస్తూనే ఉంటాయి. వాటితో భయం లేదు. వేలు దూరేంత పగులు చెడ్డది. గోడకు రెండు పక్కలా కనిపించే పగులు చెడ్డది. తలుపు మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు కూడా అంతే. గోడ వంగిందేమోనని అనుమానమా? దారానికి రాయి కట్టి, బయటి వైపు గోడ పైనుంచి వదలాలి. పైన దారం గోడకు ఆని, కింద దూరంగా వేలాడితే గోడ బయటికి వంగినట్లే.

"ఇన్నేళ్ళు నిలబడ్డ గోడ ఇప్పుడేం కూలుతుంది?" అంటారు మగవాళ్ళు. ఇన్నేళ్ళు నానింది కూడా ఆ గోడే! చూరు నీళ్ళు, అంట్ల నీళ్ళు గోడ మొదట్లో నిలుస్తాయి. మొదలు మెత్తబడుతుంది. పైన బరువు మాత్రం తగ్గదు.

ఆ బరువు ఎంత పని చేస్తుందో కిల్లారిలో తెలిసింది. అది మహారాష్ట్రలో, లాతూరు జిల్లాలోని ఊరు. 1993 సెప్టెంబరు 30న తెల్లవారుజామున, నాలుగు కావస్తుండగా భూమి కంపించింది. ముందురోజు వినాయక నిమజ్జనం. జనం అలసి నిద్రపోతున్నారు. వాళ్ళవి లావుపాటి రాతిగోడల ఇళ్ళు. చూస్తే కోటల్లా ఉండేవి. కానీ రాళ్ళ మధ్య ఉన్నది మట్టే. పైన దూలాల మీద అడుగు, రెండడుగుల మందాన మట్టి. గోడలు విడిపోయాయి. కప్పులు మీద పడ్డాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో 7,900 మందికి పైగా చనిపోయారు. తేలిక కప్పుల గుడిసెల్లో ఉన్నవాళ్ళు చాలామంది బతికారు.

రాయలసీమ మట్టిమిద్దెల మీద కూడా చవుడు వేస్తారు. మిద్దె కారినప్పుడల్లా కొత్త చవుడు పోస్తూ పోతే బరువు పెరుగుతుంది. పాతది గీకి దించి, ఆ తర్వాతే కొత్తది వేయాలి. గోడ మొదట్లో మట్టి దిమ్మిస కొట్టి, నీళ్ళు అవతలికి జారేలా వాలు పెట్టాలి. అరుగు ఉంటే మరీ మంచిది. పెద్దవాళ్ళు అరుగులు కట్టింది కబుర్లకే కాదు.

ముసురు రోజుల్లో పగులు గోడ పక్కన పక్క వేయకూడదు. గోడ ఉబ్బినా, మట్టి రాలుతున్నా రాత్రికి బడికో, పక్కింటికో పోవాలి. సామాన్ల కోసం ఆగవద్దు. వాన వెలిశాక కూడా నానిన గోడలు కూలుతుంటాయి. గోడ బాగా ఆరేదాకా పిల్లల్ని దాని నీడన ఆడనివ్వకూడదు.