ఫోన్‌లో చెదిరే మూడు కాలమ్‌లు

ప్రశ్న: గండికోట, బెలుం గుహలు, కొండారెడ్డి బురుజు గురించి తెలుగులో వెబ్‌సైటు చేస్తున్నాను. పేజీకి మూడు కాలమ్‌లు. కంప్యూటర్‌లో బాగానే ఉంది, ఫోన్‌లో పక్కకు జరుపుకుంటూ చదవాల్సి వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కాలమ్ వెడల్పులను పిక్సెళ్లలో బిగించి ఉంటారు. 320 చొప్పున మూడంటే 960. మామూలు ఫోన్ తెర అందులో సగం కూడా ఉండదు. ఆ లెక్క తీసేసి సీఎస్ఎస్ గ్రిడ్ పెట్టండి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీలలో ఇది 2017 నుంచీ ఉంది. రిపీట్‌లో ఆటో-ఫిట్ రాసి, దాని పక్కన మిన్‌మ్యాక్స్‌తో కనీసం 16 రెమ్, గరిష్ఠం 1 ఎఫ్ఆర్ ఇవ్వండి. చోటుంటే మూడు, తగ్గితే రెండు, ఫోన్‌లో ఒకటి, బ్రౌజరే తేల్చుకుంటుంది. అయితే హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ లేకుంటే ఇదంతా వృథా.

తెలుగుకు ఇంకో చిక్కుంది. ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఇంగ్లిష్ పేజీల లైన్-హైట్ చాలదు, 1.7 దాకా పెంచండి. పొడవైన సమాసాలు కాలమ్ దాటకుండా ఓవర్‌ఫ్లో-ర్యాప్‌కు ఎనీవేర్ ఇవ్వండి.

ఈ నియమాలన్నీ ఒకే స్టైల్‌షీట్‌లో ఉంచి ప్రతి పేజీకీ లింక్ చేయండి. రంగులు, ఎడాలు వేరియబుల్స్‌గా పైనే రాసుకోండి. క్లాసుకు ‘గండికోట’ అని కాక ‘కార్డు’ అని పేరు పెడితే బెలుం పేజీకీ పనికొస్తుంది. (అన్నట్టు, బెలుం 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. కర్నూలు అని రాసి ఉంటే దిద్దండి.) కొద్ది పేజీల సైటుకు బూట్‌స్ట్రాప్ అనవసరపు బరువు. ముందు ఒక్క పేజీ మార్చి, చవక ఫోన్‌లో తెరిచి చూశాకే మిగతావి ముట్టుకోండి.