ఇంటిపేరు ముందా, వెనకా?

ప్రాజెక్టు రిపోర్టుకైనా, జర్నలుకి పంపే పేపరుకైనా మన దగ్గర రిఫరెన్సుల వంతు ఆఖరి రాత్రే వస్తుంది. గ్రాఫులన్నీ అయ్యాక "ఇంక రిఫరెన్సులు పెట్టేస్తే అయిపోయినట్టే" అంటాం. రీసెర్చి స్కాలర్‌ని కాబట్టి జూనియర్ల డ్రాఫ్టులు నా దగ్గరికి వస్తుంటాయి. నేను ముందు తిప్పేది చివరి పేజీకే. ఏది చదివి రాశారో, ఏది ఎక్కడినుంచో ఎత్తుకొచ్చి అతికించారో అక్కడే తెలిసిపోతుంది.

మన బ్రాంచిల్లో ఎక్కువమందికి పనికొచ్చేది ఐ ట్రిపుల్ ఈ పద్ధతి కనుక దాంతోనే మొదలుపెడతాను. వాక్యంలో చదరపు బ్రాకెట్లో ఒక అంకె. పేపర్లో ఏది ముందు ప్రస్తావిస్తే దానికి 1, తర్వాతిదానికి 2. అదే పేపరు మళ్లీ పదో పేజీలో వచ్చినా పాత అంకే వెయ్యాలి. అంకె ఫుల్‌స్టాప్‌కి ముందు ఉంటుంది, తర్వాత కాదు. రచయితలు ఆరుగురు దాటితే మొదటి పేరు రాసి "ఎట్ ఆల్" అంటే చాలు. ఇవి పది నిమిషాల్లో వచ్చేస్తాయి. అసలు తంటా పేర్లతో.

సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినవాళ్లకి క్రామెర్–రావు బౌండ్ తెలుసు. అందులో రావు మన కల్యంపూడి రాధాకృష్ణ రావు గారే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. ఆ ఫలితం ఉన్న పేపరు 1945లో అచ్చయింది. రిఫరెన్సుగా రాస్తే ఇలా ఉంటుంది (మీరు ఇంగ్లీషులో రాస్తారు, ఇక్కడ మన అక్షరాల్లో పెడుతున్నా): సి. ఆర్. రావు, "ఇన్ఫర్మేషన్ అండ్ ది యాక్యురసీ అటైనబుల్ ఇన్ ది ఎస్టిమేషన్ ఆఫ్ స్టాటిస్టికల్ పారామీటర్స్," బుల్. కలకత్తా మ్యాథ్. సొసై., వాల్యూం 37, పేజీలు 81–91, 1945. పేపరు పేరు కొటేషన్లలో, జర్నలు పేరు కుదించి ఇటాలిక్స్‌లో.

ఇప్పుడు పేరు చూడండి. ఆయన ఇంటిపేరు కల్యంపూడి. రావు అనేది మన ఊళ్లలో సగం మంది పేర్ల చివర ఉండే మాట. కానీ ఇంగ్లీషు లెక్కలో చివర వచ్చిందే ఇంటిపేరు. అందుకని ప్రపంచమంతా ఆయన "రావు", కల్యంపూడి మాత్రం "సి" అనే ఒక్క అక్షరం. మనకు నిజం తెలుసు కదా అని "ఆర్. ఆర్. కల్యంపూడి" అని రాయకూడదు. అలా రాస్తే డేటాబేస్ ఆ రిఫరెన్సుని ఆయన పేపరుతో జత చెయ్యలేకపోవచ్చు. రచయిత తన పేపరు మీద పేరు ఎలా వేయించుకుంటే అలాగే రాయాలి.

స్పెల్లింగు సంగతీ అంతే. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి మీద పేపరు ప్రచురించారు. ఇంగ్లీషులో ఆయన పేరు చివర "ఏఓ" ఉండదు, "ఓడబ్ల్యూ" ఉంటుంది. రెండు ముక్కలు కూడా కాదు, ఒకే మాట. బయోటెక్ వాళ్లు దాన్ని "సరిదిద్ది" మనకు అలవాటైన రావుగా మార్చడం చూశాను. దిద్దకండి.

ఇదంతా ఎవరో పెద్దవాళ్ల గొడవ అనుకోవద్దు, రేపు మీ పేరుకీ ఇదే. జర్నలు పోర్టల్లో "ఫస్ట్ నేమ్", "లాస్ట్ నేమ్" అని రెండు గళ్లు ఉంటాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో విడిగా ఉంటుంది. మొదటి పేపరు ఒకలా, రెండోది ఇంకోలా నింపారంటే ఒకే మనిషి ఇద్దరవుతారు. మీ పేపరుని వాడుకున్నవాళ్ల లెక్క సగం ఒకరికి, సగం ఇంకొకరికి పోతుంది. ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో అప్లై చేసేటప్పుడు ఆ రెండో మనిషి మీరేనని మీరే రుజువు చేసుకోవాలి. అందుకే మొదటి పేపరు పంపకముందే ఒక రూపం తేల్చుకుని, ఆర్కిడ్ నంబరు తీసుకోండి. పదహారు అంకెలు, ఉచితం, 2012 నుంచి ఉంది. పేరు ఎన్ని రకాలుగా అచ్చయినా నంబరు మారదు.

లేటెక్‌లో రాసేవాళ్లకి బిబ్‌టెక్స్ సగం పని చేసిపెడుతుంది. మిగతా సగం మనమే చూసుకోవాలి. రచయితల మధ్య కామా కాదు, "అండ్" ఉండాలి. కామాలతో వరసగా పేర్లు పెడితే ఒకే మనిషి పేరనుకుని "టూ మెనీ కామాస్" అని కేకేస్తుంది. ఇంకొకటి, ఐ ట్రిపుల్ ఈ స్టైల్ ఫైలు టైటిల్లో మొదటి అక్షరం తప్ప మిగతావన్నీ చిన్నక్షరాలు చేసేస్తుంది. క్రామెర్, రావు కూడా చిన్నబోతారు! ఆ పెద్దక్షరాల చుట్టూ మీసాల బ్రాకెట్లు పెడితే వాటి జోలికి పోదు. రెడీమేడ్ ఎంట్రీ ఎక్కడినుంచి తెచ్చుకున్నా పేపరు మొదటి పేజీ పక్కన పెట్టుకుని ఒకసారి పోల్చండి.

పక్కవాడి లిస్టులోంచి ఎత్తి రాయడం మన దగ్గరే ఉన్న జబ్బేం కాదు. సిమ్కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు 2003లో అచ్చయిన పరిశీలనలో ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర పేపరుకి వచ్చిన సుమారు 4,300 రిఫరెన్సులు తిరగేశారు. 196 చోట్ల అచ్చుతప్పులున్నాయి, కానీ వేర్వేరు తప్పులు 45 మాత్రమే. ఒకే తప్పు పేజీ నంబరు 78 చోట్ల ఉంది. ఎవరి తప్పు వాళ్లు చేస్తే 78 మందికి ఒకే తప్పు రాదు కదా! కాపీ కొట్టిన పరీక్ష పేపర్లు దిద్దే మేష్టారి లెక్కే ఇది. వాళ్ల అంచనా ప్రకారం రిఫరెన్సు ఇచ్చేవాళ్లలో ఐదో వంతు మందే అసలు పేపరు చదువుతారు.

ఇప్పుడు చాట్‌బాట్లు వచ్చాక ఇంకో ప్రమాదం. అడిగితే ముచ్చటైన ఫార్మాటులో, వాల్యూం పేజీలతో సహా, లోకంలో లేని పేపరు ఇచ్చేస్తాయి. ఒక్కోసారి డీఓఐ నిజమైనదే ఉంటుంది, తెరిస్తే వేరే పేపరు వస్తుంది. కనుక డీఓఐ తెరుచుకుంటే సరిపోదు, తెరిచాక టైటిలూ రచయితలూ కలుస్తున్నారో లేదో చూడాలి. రివ్యూయరుకి అలాంటిది ఒక్కటి దొరికితే చాలు, మీ ఫలితాలు ఎంత నిజమైనా ఆయన నమ్మకం పోతుంది.

మీరు చూసిందే రాయండి. రావు గారి పేపరునే తీసుకుంటే, చాలామందికి దొరికేది 1992లో "బ్రేక్‌త్రూస్ ఇన్ స్టాటిస్టిక్స్" అనే సంకలనంలో మళ్లీ అచ్చయిన పాఠం. దాన్ని చదివి 1945 పేజీ నంబరు వేస్తే ఆ పేజీలో మీరు చెప్పింది దొరకదు. ఏది చదివితే దాని వివరాలిచ్చి, మొదట ఎక్కడ వచ్చిందో పక్కన చెప్పండి.

మన క్లబ్బు వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. చెరువుల మీదో, చేనేత మగ్గాల మీదో ప్రాజెక్టు చేస్తుంటే తెలుగు పుస్తకాన్ని ఇంగ్లీషు పేపర్లో చూపించవచ్చా? చూపించవచ్చు, ఆధారం అదైతే చూపించాలి కూడా. పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, "ఇన్ తెలుగు" అని బ్రాకెట్లో పెట్టండి. పేరుని అనువదించి ఊరుకుంటే ఆ పేరుతో ఏ లైబ్రరీలోనూ అది దొరకదు. మన పుస్తకాల్లో ఊరు, ప్రచురణకర్త, ఎన్నో ముద్రణ అనే వివరాలు సాధారణంగా లోపలి అట్ట వెనక పేజీలో చిన్నక్షరాల్లో ఉంటాయి. పుస్తకం లైబ్రరీకి తిరిగిచ్చే ముందే ఆ పేజీ ఫోటో తీసుకోండి.