రెండు చోట్ల పనిచేయు కార్మికునికి ప్రమాద పరిహారము

షోలాపురములోను, భివండీలోను, సేలములోను, బరంపురములోను మన నేతవారి ఇండ్లలో ఒక్క పనితో సంసారము గడుచుట నేడు అరుదైపోయినది. పగలంతా మరమగ్గాల షెడ్డులో నిలబడినవాడు సాయంత్రము రంగుల బట్టీ దగ్గర నూలు ముంచుచున్నాడు. ఇంట మగ్గమున్నవాడు రాత్రివేళ ఏ దుకాణము వద్దనో కాపలా ఉండుచున్నాడు. షోలాపురములో మన స్త్రీలు ఒకవైపు బీడీలు చుట్టుచు, రెండవవైపు కండెలు చుట్టుచున్నారు. ఇట్టివారికి పనిలో దెబ్బ తగిలినచో పరిహారము ఇద్దరు యజమానులలో ఎవరీయవలెను, ఏ కూలిని లెక్కకు తీసుకొనవలెను అని మా సంఘ కార్యాలయమునకు వచ్చి అడుగువారు పెరిగినారు. అందుచేత ఈ సంగతిని కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మన దేశములో దీనికి మూలము 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టము. అది 1924 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది. 2025 నవంబరు 21న 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చి, ఈ పాత చట్టము అందులో 7వ అధ్యాయముగా చేరిపోయినది. పేరు మారినది గాని పరిహారపు పద్ధతి చాలవరకు పాతదే. పని కారణముగా, పనిచేయుచుండగా ప్రమాదము జరిగినచో యజమాని తప్పు ఉన్నదా లేదా అని చూడనక్కరలేదు. ఆయన పరిహారము చెల్లింపవలసినదే. త్రాగి పనిచేయుట, కావాలని భద్రతా సాధనమును తొలగించుట వంటి కారణముల వలన దెబ్బ తగిలినచో ఆయన తప్పించుకొనవచ్చును. ప్రాణము పోయినను, శాశ్వతముగా పూర్తి అంగవైకల్యము వచ్చినను ఆ సాకులు కూడ చెల్లవు.

ఇక ఇద్దరు యజమానుల మాట. ఎవరి పనిలో ఉండగా ప్రమాదము జరిగినదో ఆయనే బాధ్యుడు. ఇందులో చిక్కు లేదు. చిక్కంతా కూలి లెక్కలో ఉన్నది. ప్రమాదమునకు ముందు 12 నెలలు ఆయన వద్ద పనిచేసియున్నచో, ఆ 12 నెలలలో ఆ యజమాని నుండి రావలసిన కూలిని కూడి పండ్రెండవ భాగమును నెలకూలిగా తీసుకొనవలెనని చట్టము చెప్పుచున్నది. “ఆ యజమాని నుండి” అన్న మాటను గమనింపుడు. రెండవచోట వచ్చు కూలిని ఈ లెక్కలో కలుపుటకు దారి చూపలేదు.

దీని ఫలితము అంకెలలో చూచినగాని తెలియదు. 40 ఏండ్ల నేతగాడు ఇ.ఎస్.ఐ. లేని చిన్న షెడ్డులో నెలకు 9,000 రూపాయలు, సాయంత్రము రంగుల బట్టీలో 4,000 రూపాయలు సంపాదించుచున్నాడనుకొందము. ఒక చేతి మూడు వ్రేళ్లు పోయినవి. చట్టపు పట్టికలో మూడు వ్రేళ్లకు 30 శాతము నష్టము. 40 ఏండ్లకు వయస్సు గుణకము 184.17. నెలకూలిలో 60 శాతమును ఈ గుణకముతో హెచ్చవేసి, అందులో 30 శాతము తీసుకొనవలెను. ప్రమాదము షెడ్డులో జరిగినచో సుమారు 2,98,350 రూపాయలు వచ్చును. అవే వ్రేళ్లు బట్టీలో పోయినచో సుమారు 1,32,600 మాత్రమే. రెండు కూలీలు కలిపి 13,000 మీద లెక్క కట్టినచో 4,30,950 దాకా రావలసియుండెను. పోయిన వ్రేళ్లు ఒకటే. ఆ చేయి ఇక షెడ్డులో నాడెను కూడ పట్టలేదు. అయినను లెక్క మాత్రము బట్టీ కూలి మీదనే.

తాత్కాలికముగా మంచము పట్టినవాని స్థితియు ఇంతే. పదిహేను దినములకొకసారి నెలకూలిలో 25 శాతము ఇచ్చెదరు. బట్టీలో కాలు విరిగినవానికి పక్షమునకు 1,000 రూపాయలు వచ్చును. షెడ్డు కూలి 9,000 కూడ ఆ నెలలోనే ఆగిపోవును. దానికి అడుగువాడు లేడు.

ఇంగ్లండులో 1906లో చేసిన పరిహార చట్టములో ఇందుకు ప్రత్యేకముగా ఒక నిబంధన ఉండెను. ఒక కార్మికుడు ఇద్దరు ముగ్గురు యజమానుల వద్ద వేర్వేరు వేళల పనిచేయుచున్నచో, ఆ కూలీలన్నియు ప్రమాదము జరిగిన చోటనే సంపాదించినట్లు కలిపి లెక్కింపవలెనని. మన 1923 చట్టము ఆ దేశపు పద్ధతిని చూచి అల్లినదే. ఆ ఒక్క పోగు మాత్రము ఇటు రాలేదు. నూరేండ్లు దాటినను, కొత్త స్మృతి వచ్చినను అది చేరలేదు. మా అభిప్రాయములో ఇది పెద్ద లోపము. సంఘములు ప్రభుత్వమునకు విన్నపము పంపదగిన విషయము.

అయినను చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. కూలి లెక్క మారకపోయినను నష్టశాతము మీద వాదింపవచ్చును. ఒడిషాలోని జయపురములో 1968లో ఒక సినిమాహాలులో పనిచేయుచు పడిపోయిన వడ్రంగికి మోచేతిపైన ఎడమచేయి తీసివేయవలసి వచ్చినది. ఒంటిచేతితో వడ్రంగము సాగదు గనుక అతని నష్టము నూటికి నూరుపాళ్లని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో ఒప్పుకొన్నది. నేతపనికి రెండు చేతులు, రెండు కాళ్లు, కన్ను అన్నియు కావలెను. కనుక డాక్టరు ధ్రువపత్రము వ్రాయునపుడు ఇతడు ఏయే పనులు చేసెడివాడో, వానిలో ఏది ఇక చేయలేడో స్పష్టముగా వ్రాయించుకొనవలెను.

“ఇతడు మావాడు కాడు, ఫలానా షెడ్డు మనిషి” అని తప్పించుకొను యజమానులు కలరు. ఇది చెల్లని మాట. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన కుట్టుపనివారి కేసులో సుప్రీంకోర్టు 1973లోనే ఒక మనిషి ఒకరికంటె ఎక్కువమంది వద్ద ఉద్యోగిగా ఉండవచ్చునని చెప్పినది. అది దుకాణముల చట్టము క్రింద వచ్చిన తీర్పు. అయినను అందులోని సూత్రము మనకు ఉపయోగించును. సొంత ఇంట, సొంత మగ్గము మీద, సేఠు నూలు తెచ్చుకొని నేయువాని సంగతి వేరు. అతనిని ఉద్యోగిగా నిరూపించుట కష్టము. అట్టివారు బ్యాంకు ఖాతా ద్వారా ఏటికి 20 రూపాయలు కట్టు ప్రధానమంత్రి సురక్షా బీమాలో తప్పక చేరవలెను. ప్రమాదములో ప్రాణము పోయినచో 2 లక్షలు వచ్చును.

ఇ.ఎస్.ఐ. ఉన్నవారు మరొకటి గమనింపవలెను. ఇ.ఎస్.ఐ. ఉన్న కర్మాగారములో దెబ్బ తగిలినచో ఆ సంస్థయే భృతి ఇచ్చును. అదే దెబ్బకు యజమానిని పరిహారము అడుగుటకు లేదు. కాని ఇ.ఎస్.ఐ. లేని రెండవచోట దెబ్బ తగిలినచో ఆ రెండవ యజమానియే పరిహారము ఇచ్చుకొనవలెను. “నీకు కార్డు ఉన్నది గదా, అక్కడికి పొమ్ము” అనిన వినవలదు.

ఇంటినుండి పనికి, పనినుండి ఇంటికి పోవు దారిలో జరుగు ప్రమాదమును కూడ, పనితో సంబంధము రుజువైనచో, కొత్త స్మృతి పనిలో జరిగినట్లే ఎంచుచున్నది. ఒక పనినుండి రెండవ పనికి సరాసరి పోవు దారిని గూర్చి అందులో ఒక్క మాట లేదు. మనవారిలో సైకిలు మీద షెడ్డునుండి బట్టీకి పరుగెత్తువారే ఎక్కువ.

రెండవ పనికి సాక్ష్యము లేకపోవుటయే చాలా కేసులను చెరుపుచున్నది. మొదటిచోట హాజరు పుస్తకముండును. రెండవచోట చేతికి చేయి. కనుక కూలిని ఫోను ద్వారా గాని బ్యాంకు ద్వారా గాని తీసుకొనుడు, లేదా చిన్న నోటుపుస్తకములో వారమువారము యజమాని సంతకము పెట్టించుకొనుడు. ప్రమాదము జరిగిన వెంటనే యజమానికి వ్రాతమూలముగా తెలియజేసి, నకలు దాచుకొనవలెను. దరఖాస్తుకు గడువు రెండేండ్లు. ప్రమాదము జరిగిన ఊరిలోనేగాక, బాధితుడు లేక అతని కుటుంబము నివసించు చోట కూడ దరఖాస్తు పెట్టుకొనవచ్చును. భివండీలో చనిపోయినవాని భార్య సిరిసిల్లలో ఉన్నచో ఆమె అక్కడి కార్మికశాఖ అధికారి వద్దనే అడుగవచ్చును. నెలలోగా చెల్లింపనిచో నూటికి 12 చొప్పున వడ్డీ పడును. తగిన కారణము లేక ఆలసించినచో బాకీలో సగము వరకు జరిమానా కూడ విధింపవచ్చును.

ఆసుపత్రిలో ఉండగానే కొంత డబ్బు చేతిలోపెట్టి, “ఇక ఏమియు అడుగను” అని కాగితము మీద వేలిముద్ర వేయించుకొను ఆచారము కొన్నిచోట్ల ఉన్నది. హక్కు వదులుకొన్నట్లు వ్రాసిన అట్టి ఒప్పందము చట్టము ముందు చెల్లదు. రాజీ పడదలచినచో ఆ పత్రమును అధికారి వద్ద నమోదు చేయింపవలెను. వేలిముద్ర వేసినవారు కూడ సంఘ కార్యాలయమునకు వచ్చి కాగితములు చూపినచో దరఖాస్తు వ్రాసిపెట్టెదము.