గూళ్ళ సొమ్ములో ముసలితనానికి ఒక భాగం



నాలుగో జ్వరం లేచిన పురుగుకు వేళ తప్పకుండా ఆకు వేయాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. అరవై ఏళ్ళు దాటిన తర్వాత ఈ పని కష్టమవుతుంది. ప్రభుత్వ ఉద్యోగికి పెన్షను ఉంటుంది. పట్టు రైతు తన పెన్షనును తానే ఏర్పరచుకోవాలి. గూళ్ళు అమ్మిన ప్రతిసారీ కొంత తీసిపెడితే ఇది సాధ్యమే.

గూళ్ళ సొమ్ము స్వభావం

పట్టు రైతుకు సొమ్ము నెలనెలా రాదు. ఏడాదికి ఐదు పంటలు తీస్తే ఐదుసార్లు వస్తుంది. పాల రోగం, సున్నపుకట్టు రోగం, ఊజీ ఈగ వల్ల ఒక పంట పోవచ్చు. పంట బాగా వచ్చినా ధర పడిపోవచ్చు. 2011 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుండి 5 శాతానికి తగ్గించిన తర్వాత గూళ్ళ ధర ఎంతగా పడిపోయిందో పాత రైతులకు గుర్తుండే ఉంటుంది. అందువల్ల మంచి పంట సొమ్ము ఆ ఒక్క పంటది మాత్రమే కాదు. పోబోయే పంటకు కూడా అదే ఆధారం.

అమ్మిన రోజే భాగాలు చేయండి

ఉదాహరణకు, 100 కిలోల గూళ్ళు కిలో రూ.450 చొప్పున అమ్మితే రూ.45,000 వస్తుంది. ఆ సొమ్మును ఇలా విభజించవచ్చు:

1. తరువాతి పంట ఖర్చు (చాకీ పురుగులు, ఎరువు, కూలి, షెడ్డు శుద్ధి మందులు) – రూ.18,000
2. ఇంటి ఖర్చు – రూ.14,000
3. అప్పు తీర్చడానికి – రూ.5,000
4. పంట పోయిన రోజుకు నిల్వ – రూ.4,000
5. ముసలితనానికి – రూ.4,000

మీ పంటను బట్టి అంకెలు మార్చుకోండి. కాని ఏ భాగాన్నీ పూర్తిగా వదలకండి. ఐదు పంటలకు నాలుగో భాగం రూ.20,000 అవుతుంది. అంటే ఒక్క ఏడాదిలో ఒక పంట ఖర్చు మీ చేతిలో ఉంటుంది. పంట పోయినా వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం ఉండదు. ఈ సొమ్మును ఇంటి ఖర్చుల ఖాతాలో కలపకుండా వేరే పొదుపు ఖాతాలో ఉంచండి.

ముందు పెద్ద వడ్డీ అప్పు

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. రూ.20,000 అప్పుకు ఏటా రూ.7,200 వడ్డీకే పోతుంది. ఏ బ్యాంకు పొదుపూ ఇంత రాబడి ఇవ్వదు. కనుక ఇటువంటి అప్పు ఉన్నవారు ఐదో భాగంలో ఎక్కువ మొత్తాన్ని కూడా అప్పుకే కట్టి, అది తీరిన వెంటనే పొదుపుకు మళ్ళించాలి.

ముసలితనపు పొదుపు ఎక్కడ?

అటల్ పెన్షన్ యోజన: 2015లో మొదలైంది. 18 నుండి 40 ఏళ్ళ లోపు, ఆదాయపు పన్ను కట్టనివారు బ్యాంకులో గాని పోస్టాఫీసులో గాని చేరవచ్చు. 60 ఏళ్ళ తర్వాత నెలకు రూ.1,000 నుండి రూ.5,000 వరకు పెన్షను వస్తుంది. రూ.5,000 పెన్షనుకు 25వ ఏట చేరినవారు నెలకు రూ.376 కట్టాలి. 40వ ఏట చేరినవారు రూ.1,454 కట్టాలి. మొత్తం లెక్క చూస్తే మొదటివారు కట్టేది రూ.1,57,920, రెండోవారు కట్టేది రూ.3,48,960. పెన్షను మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఆలస్యానికి ఇదీ ఖరీదు. మూడు నెలలకు లేదా ఆరు నెలలకు ఒకసారి కట్టే వీలు ఉంది. పట్టు రైతుకు అదే అనుకూలం.

ప్రధానమంత్రి కిసాన్ మాన్‌ధన్: 2019లో మొదలైంది. 2 హెక్టార్ల (సుమారు 5 ఎకరాల) లోపు భూమి గల, 18–40 ఏళ్ళ రైతులకు ఉద్దేశించినది. వయసును బట్టి నెలకు రూ.55 నుండి రూ.200 వరకు కట్టాలి. కేంద్ర ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. 60 ఏళ్ళ తర్వాత నెలకు రూ.3,000 వస్తుంది.

పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్: 40 దాటినవారు కూడా చేరవచ్చు. గడువు 15 ఏళ్ళు. ఏడాదికి రూ.500 నుండి రూ.1,50,000 వరకు, చేతిలో సొమ్ము ఉన్నప్పుడు కట్టవచ్చు.

నేటి రూ.5,000కు ఉన్న విలువ ముప్పై ఏళ్ళ తర్వాత ఉండదు. కనుక పెన్షను ఒక్కదానినే నమ్ముకోకుండా, ప్రావిడెంట్ ఫండులో కూడా కొంత వేయడం మంచిది.

సరిహద్దు రైతులు గమనించవలసినవి

పై మూడూ కేంద్ర పథకాలు. కోలారు, చిక్కబళ్ళాపురం రైతుకైనా కృష్ణగిరి రైతుకైనా నియమాలు ఒక్కటే. తేడా కాగితాలలో వస్తుంది. భూమి కాగితంగా కర్ణాటకలో పహణీ, తమిళనాడులో పట్టా–చిట్టా ఉంటాయి. మన ఇంటిపేరు ఒక కాగితంలో ఉండి, మరొక దానిలో తండ్రి పేరు మొదటి అక్షరం మాత్రమే ఉండవచ్చు. కన్నడంలో, తమిళంలో రాసేటప్పుడు పేరు మారిపోవచ్చు. ఆధార్, భూమి కాగితం, బ్యాంకు పుస్తకం మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. నామినీ పేరు తప్పక రాయించండి. షెడ్డులో సగం పని చేసే ఇల్లాలి పేరున కూడా ఖాతా తెరవండి.

చేయకూడనివి

• రిజిస్టరు కాని చీటీలలో ముసలితనపు సొమ్ము పెట్టకండి.
• ఎక్కువ వడ్డీ ఆశ చూపే ఊరూపేరూ లేని కంపెనీలను నమ్మకండి. బ్యాంకులో డిపాజిట్టుకు రూ.5 లక్షల వరకు బీమా ఉంది.
• పెళ్ళికో, పండుగకో పెన్షను ఖాతా మూయకండి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. వచ్చే పంట గూళ్ళు మార్కెట్టుకు తీసుకుపోయే ముందే ఐదు భాగాల లెక్క ఒక కాగితం మీద వేసుకోండి. కాగితాల విషయంలో సందేహం ఉంటే మీ బ్యాంకులో గాని, మీ సమీప పట్టుపరిశ్రమ సాంకేతిక సేవా కేంద్రంలో గాని అడిగి తెలుసుకోండి.