పాత త్రీనాట్‌త్రీ గురి తప్పుతోందా?

ఫైరింగ్ రోజున చేతికి పాత త్రీనాట్‌త్రీ వస్తే సగం మంది కానిస్టేబుళ్ళు, హోంగార్డులు అక్కడే నీరుగారిపోతారు. అంత దిగులు అక్కర్లేదు. 1907 నాటి నమూనా అయినా, బెంగాల్‌లోని ఈషాపూర్ ఫ్యాక్టరీలో లక్షలుగా తయారైన గట్టి రైఫిల్ అది. చాలాసార్లు తప్పు దాని వయసుది కాదు, సంరక్షణది.

ముందు నంబర్లు చూడండి. బోల్టు పిడి మీది నంబరు, రైఫిల్ బాడీ మీది నంబరు ఒకటే కావాలి. ప్రతి బోల్టునూ దాని బాడీకి సరిపడేలా అమరుస్తారు. కోత్‌లో (ఆయుధాల గదిలో) పది రైఫిళ్ళు ఒకేసారి విప్పి తుడిచినప్పుడు బోల్టులు తారుమారవుతాయి. వేరే బోల్టుతో గురి చెడటమే కాదు, పేల్చేవాడికే ప్రమాదం. నంబరు కలవకపోతే ఆ రైఫిల్ పేల్చకండి, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కి అప్పగించండి.

తర్వాత బ్యారెల్. లోపలిని తుడిచే పుల్‌త్రూ తాడును ఏటవాలుగా లాగితే అది మూతి అంచును ఒకే వైపు రాస్తుంది. ఏళ్ళ తరబడి అలా రాసుకుంటే అక్కడ గాడి పడుతుంది. తూటా బ్యారెల్‌ను చివరగా వదిలేది ఆ అంచు దగ్గరే కనుక గాడిపడ్డ మూతి నుంచి గురి కుదరదు. ఒకరు రైఫిల్ పట్టుకుంటే ఇంకొకరు తాడును తిన్నగా, ఒకే ఊపున లాగాలి. పేల్చే ముందు పొడి చిందీతో (గుడ్డ ముక్కతో) లోపలి నూనె పూర్తిగా తుడవండి. నూనె ఉంటే మొదటి తూటా ఎక్కడికో పోతుంది. పాత రకం తూటాల క్యాపుల్లోని లవణాలు తుప్పు పట్టిస్తాయి. వాటిని పేల్చాక వెనకవైపు నుంచి వేడినీళ్ళు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, నూనె రాయాలి. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలిలో పనిచేసేవాళ్ళు ఇది మరునాటికి వాయిదా వేయకూడదు.

వానాకాలం చెక్క ఉబ్బి బ్యారెల్‌ను ఒక పక్కకు నెడుతుంది. ట్రిగ్గర్ గార్డు ముందు స్క్రూ వదులైతే ముందు చెక్క కదులుతుంది. రెండూ ఆర్మరర్ పనులే. మీరు గరుకు కాగితంతో చెక్క అరగదీయవద్దు, అది సర్కారు ఆస్తి. పైపైన అవిసె నూనె పట్టించడం వరకు చాలు.

సైట్ జోలికి అన్నిటికన్నా చివర వెళ్ళాలి. ఒకే పట్టుతో, ఒకే గురితో ఐదు తూటాలు పేల్చండి. ఐదూ ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు పక్కకు జరిగితే సైట్ సరిచేయించండి. చెల్లాచెదురుగా పడితే సైట్ తిప్పి లాభం లేదు. అదే రైఫిల్‌ను మీలో మంచి గురి ఉన్నవాడి చేత పేల్చి చూడండి. అతనికి గుంపు కుదిరితే లోపం మీ పట్టులోనో, ట్రిగ్గర్ నొక్కుడులోనో ఉన్నట్టే.

ఫైరింగ్‌కి వారం ముందే కోత్‌కి వెళ్ళి మీ రైఫిల్ చూసుకోండి. ఆర్మరర్ చేసిన మరమ్మతు రైఫిల్ హిస్టరీ షీట్‌లో రాయించండి. మీ తర్వాత అదే రైఫిల్ పట్టుకునేవాడికి అది పనికొస్తుంది.