మీటర్ కంటే ముందు మోసిన బరువు చూడండి

సొంత బండి కొని కిరాయిలకు తిప్పుకోవాలనుకునే చాలామందికి కొత్త పికప్ ధర అందదు. అందుకే సెకండ్ హ్యాండ్ బొలేరో పికప్, టాటా ఏస్, దోస్త్‌ల కోసం వెతుకుతారు. బేరం మొదలుకాగానే అందరి కళ్లూ మీటర్ మీదే. రెండు లక్షలు తిరిగిందంటే జంకుతారు, డెబ్బై వేలే అంటే మురిసిపోతారు. రెండూ తొందరపాటే. హైదరాబాద్-విజయవాడ హైవే మీద పార్సిళ్లు మోస్తూ రెండు లక్షలు తిరిగిన బండి, ఇటుక బట్టీ గతుకుల్లో మోయాల్సినదానికి రెట్టింపు మోస్తూ డెబ్బై వేలు తిరిగిన బండి కంటే గట్టిగా ఉండొచ్చు. హైవేలో ఇంజిన్ ఒకే వేగంతో నడుస్తుంది. క్లచ్చుకీ బ్రేకుకీ పని తక్కువ. గతుకుల్లో, ఓవర్‌లోడులో ప్రతి కిలోమీటరూ బండి ఆయుష్షు తింటుంది. అందుకే బండి ఇన్నాళ్లూ ఏం మోసిందో ముందు తెలుసుకోండి.

ఏ పని చేసిన బండి?

పాల వ్యాను పెద్ద బరువు మొయ్యదు కానీ అడుగడుగునా ఆగుతుంది. దాని ఛాసిస్ బాగానే ఉంటుంది, అరిగేవి క్లచ్చు, స్టార్టర్, బ్రేకులు. ఇవి మార్చుకోగలిగినవే. ఇటుక, ఇసుక, కంకర మోసిన బండిలో దెబ్బతినేవి కమాను కట్టలు, వెనక యాక్సిల్, ఛాసిస్. వీటి ఖర్చు మోయలేరు. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు మోసిన బండి అయితే మరీ జాగ్రత్త. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు కలిసి రోజూ కిందికి కారతాయి. పైన కొత్త రంగు మెరుస్తున్నా, కింద ఛాసిస్, బ్రేకు పైపులు తుప్పు పట్టి ఉంటాయి.

యజమాని చెప్పకపోయినా బండే చెబుతుంది. తొట్టి మూలల్లో ఎర్రటి ఇటుక పొడి, వంగిన డోర్లు, కమాను కట్టలో అదనంగా ఎక్కించిన పట్టీ కనిపిస్తే అది ఓవర్‌లోడు బండే. కిందికి దూరి, టార్చి వేసి ఛాసిస్ పొడవునా చూడండి. వెల్డింగ్ అతుకులు, పగుళ్లు, ఒకచోట మాత్రమే పూసిన కొత్త నల్లరంగు ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. తుప్పు అనుమానమున్నచోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. ఇనుము పొరలుగా ఊడితే ఇక చూడాల్సిన పనిలేదు.

మీటర్ నిజం చెబుతోందా?

మీటర్ తిప్పడం పాత పనే, డిజిటల్ మీటర్లూ దీనికి అతీతం కాదు. పెడళ్ల రబ్బరు నున్నగా అరిగి, డ్రైవర్ సీటు కుంగి, మీటర్‌లో మాత్రం అరవై వేలుంటే నమ్మకండి. షోరూమ్‌లో సర్వీసు చేయించిన బండికి జాబ్ కార్డు ఉంటుంది, అందులో ప్రతిసారీ కిలోమీటర్లు రాస్తారు. ఆ కాగితాలు అడిగి తేదీలు, అంకెలు పోల్చుకోండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. టైర్లు కొత్తవని చెబితే అక్కడ తేలిపోతుంది.

అన్ని బండ్లకూ లక్షన్నర కిలోమీటర్లు ఒకటే కాదు. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్‌ది ఏడొందల సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్. బొలేరో పికప్‌లో ఉండేది 2,523 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్. నిండు లోడుతో రోజంతా తిరిగే చిన్న ఇంజిన్ త్వరగా బోరుకు వస్తుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే

ఉదయమే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ముందే చెప్పండి. బానెట్ అప్పటికే వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించాలి. చల్లటి డీజిల్ ఇంజిన్ ఎంతసేపటికి అందుకుందో, పొగ ఏ రంగులో వచ్చిందో గమనించండి. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోందని, రింగులో వాల్వుల సీళ్లో అరిగాయని అర్థం. వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌నో ఇంజెక్టర్లనో అనుమానించాలి. బరువు లాగేటప్పుడు దట్టంగా నల్లపొగ వస్తే గాలి, డీజిల్ పాళ్లు కుదరడం లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీయండి. అక్కడి నుంచి గుప్పుగుప్పున గాలి తన్నుకొస్తుంటే బోరు ఖర్చు దగ్గర్లోనే ఉంది.

తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలన్నీ వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఏదైనా అసలు వెలగకపోతే, లోపం బయటపడకుండా దాన్ని తీసేసి ఉండొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ బండి కాస్త దూరం ఆగకుండా పరుగెత్తాలి. ఎప్పుడూ ఊళ్లోనే తిరిగిన బండిలో అది మూసుకుపోయి ఉండొచ్చు. బాగుచేయడానికి చాలా ఖర్చు.

లోడు వేసి నడపండి

ఖాళీ బండి లోపాలన్నీ దాస్తుంది. కనీసం అరటన్ను వేసి నడపనివ్వమని అడగండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతోంది. యాక్సిలరేటర్ వదలగానే గేరు ఊడిపోతే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. వెనక నుంచి సన్నటి ఊళ వేగంతోపాటు పెరుగుతుంటే డిఫరెన్షియల్ చూడాలి. బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగకూడదు.

ఫైనాన్స్ వాళ్లు పట్టుకొచ్చి వేలం వేసే బండ్లు చవకే కానీ, వాటిని నడిపి చూడనివ్వడం తక్కువ. యార్డులో నెలల తరబడి నిలబడితే బ్యాటరీ, టైర్లు, రబ్బరు పైపులు, బ్రేకులు పాడవుతాయి. ఆ ఖర్చంతా మీదేనని లెక్కేసుకున్నాకే పాట పాడండి.

కాగితాలు

ఆర్సీలోని నంబర్లను ఛాసిస్ మీద కొట్టిన నంబరుతో, ఇంజిన్ నంబరుతో స్వయంగా పోల్చుకోండి. పరివాహన్ సైట్‌లో ఫిట్‌నెస్, పన్ను, ఇన్సూరెన్స్, చలాన్లు చూడండి. వాణిజ్య వాహనానికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటితే ఆ ఫీజు బాగా పెరుగుతుంది. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్లు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. పేరు మార్పుకు ఫారాలు 29, 30 కావాలి. బండి పక్క రాష్ట్రానిదైతే ఫారం 28తో అక్కడి ఎన్‌వోసీ తేవాలి. తెలంగాణ బండి ఆంధ్రాకు వచ్చినా ఇదే పద్ధతి. కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టండి. పేరు మార్పు తర్వాత చూద్దామనే మాట అమ్మేవాళ్లకూ ప్రమాదమే. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

ధర ఎలా కట్టాలి?

అడిగిన ధరతో కాకుండా కిలోమీటరుకు ఎంత పడుతుందో దానితో పోల్చండి. లెక్క కోసం ఒక బండి 4,00,000 అనుకుందాం. మొదటి రిపేర్లు, టైర్లు, బదిలీకి 60,000. మూడేళ్లలో 90,000 కిలోమీటర్లు తిప్పి 2,20,000కి అమ్మారు. మీకు పడింది 2,40,000, అంటే కిలోమీటరుకు 2 రూపాయల 67 పైసలు. ఇంకోటి 3,20,000కే వచ్చింది కానీ రిపేర్లకు 1,40,000 అయింది, చివరికి 1,60,000కే పోయింది. అప్పుడు పడింది 3,00,000, కిలోమీటరుకు 3 రూపాయల 33 పైసలు. ఎనభై వేలు తక్కువకు వచ్చిన బండే ఖరీదైంది. షెడ్డులో నిలబడిన రోజుల కిరాయి, చేజారిన ఖాతాదారులు ఈ లెక్కలో లేరు.

ఈ అంకెలు సరిగ్గా రావాలంటే మంచి మెకానిక్ కావాలి. బ్రోకరుతో, అమ్మేవాళ్లతో సంబంధం లేని మనిషికి మీరే డబ్బిచ్చి తీసుకెళ్లండి. ఆయన చెప్పిన ప్రతి పనికీ ఆటోనగర్‌లో స్పేర్ పార్టు ధర, కూలీ కనుక్కుని రాసుకోండి. ఆ చీటీ చేతిలో పెట్టుకుని బేరమాడితే మీ మాటకు బలం ఉంటుంది. చేతిలో ఉన్నదంతా బండి ధరకే పోయకండి. మొదటి పెద్ద రిపేరుకు, రెండు నెలల కిస్తీలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోగలిగిన ధరే మీరు కొనగలిగిన ధర. అంతకు మించి అడిగితే, అడ్వాన్సు ఇవ్వకముందే లేచి వచ్చేయండి.